ఈమధ్య చదివినవి, ఎప్పుడో చదివినవి

కొన్నాళ్ళుగా ఒక నవల చదివితే వెంటనే ఒక ఆత్మకథ చదువుతున్నాను. ఇలా చదవాలని ముందుగా అనుకున్నదేమీ కాదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' మళ్ళీ చదివి ముగించిన రోజున మనసు ఎంతకీ కుదుటపడలేదు. చేతికందే దూరంలో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' ఉంటే తీశాను. నాలుగు పేజీలు చదువుదామనుకున్నదాన్ని తెల్లవారుజాము దాకా వదల్లేదు. నవలలో ఏ ఆడమనిషి గురించైతే ఊరంతా మాట్లాడుతుందో, ఆమె ఇంకో పుస్తకంలోకి వచ్చి తనే మాట్లాడుతున్నట్టు అనిపించింది. అప్పటినుంచీ ఇదే వరస.

ఈ వరసలో చదువుతుంటే ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. చిన్నప్పుడు నవల తెరిస్తే నా చూపంతా కథానాయకుడి మీదో నాయిక మీదో ఉండేది. వాళ్ళు ఏడిస్తే ఏడ్చేదాన్ని, వాళ్ళకి పెళ్ళయితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇప్పుడు అదే నవలలో గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయే మనిషి దగ్గర ఆగిపోతున్నాను. ఈమెకేం కావాలి? ఈమె రాత్రి పడుకునే ముందు ఏం ఆలోచిస్తుంది? రచయిత చెప్పడు. అతనికి వేరే పనుంది.

నాకు ఈ అలవాటు మా పెద్దమ్మ నుంచి వచ్చిందేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

మా ఇంట్లో పుస్తకాలు కొనేవాళ్ళు తక్కువ, చదివేవాళ్ళు అందరూ. వారపత్రిక వచ్చిన రోజున ఎవరు ముందు చదవాలన్నదే పెద్ద తగువు. అందరూ చదివేశాక పత్రిక పెద్దమ్మ చేతికి వెళ్ళేది. ఆవిడ సీరియల్ పేజీలు మాత్రం నెమ్మదిగా విడదీసి పెట్టెలో దాచేది. సీరియల్ అయిపోయిన వారం ఆ పేజీలన్నీ తీసి నేలమీద వరసగా పరిచేది. సంఖ్యలు సరిచూసుకుని, కట్టగా చేసి, అంచులు సమంగా వచ్చేదాకా మోకాలి మీద తట్టేది. దబ్బనంతో మూడు చోట్ల కన్నాలు పొడిచి, పురికొస దూర్చి, ముడి వెనక్కి వచ్చేలా బిగించేది. అట్టకి పాత క్యాలెండరు కాగితం, తెల్లవైపు బయటికి. దానిమీద పెన్సిల్‌తో నవల పేరు, రచయిత్రి పేరు. పెద్దమ్మ అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, ఒకటో తరగతి పిల్లలకి దిద్దబెట్టినట్టుండేవి.

ఆ కట్టల్లో చదవడం అచ్చు పుస్తకం చదవడంలాంటిది కాదు. సీరియల్ పేజీ వెనక ఇంకెవరిదో కథ చివరి పేరా ఉండేది, సగం జోకు ఉండేది, సబ్బు ప్రకటనలో ఒక నవ్వు ముఖం ఉండేది. మొదలు లేని ఆ కథల చివర్లు కూడా నేను వదలకుండా చదివేదాన్ని. ఎవరో రైలెక్కి వెళ్ళిపోయేవారు, ఎవరో ఉత్తరం చింపేసేవారు. వాళ్ళెవరో, ఆ ఉత్తరం ఎవరు రాశారో తెలిసేది కాదు. వాటి మొదళ్ళు నేనే ఊహించుకునేదాన్ని.

ఒక కట్టలో మధ్యన కథ తెగిపోయింది. పరిగెత్తుకెళ్ళి అడిగాను.

"పెద్దమ్మా, ఇక్కడ రెండు వారాలు లేవే!"

"ఆ పత్రికలు పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదే తల్లీ. కథ నాకు గుర్తుందిలే. కూర్చో, చెప్తాను."

చెప్పింది. ఆ కథలో నాయకుడి ఇంట్లో ఒక మేనత్త ఉంటుంది. పనంతా చేస్తుంది, ఎవరితోనూ మాట్లాడదు. అచ్చయిన పేజీల్లో ఆవిడ ఉన్నది అక్కడొక వాక్యం, ఇక్కడొక వాక్యం. పెద్దమ్మ చెప్పిన ఆ రెండు వారాల కథలో మాత్రం ఆ మేనత్త నాయకుణ్ణి వంటింటి గుమ్మంలో ఆపి, "ఇన్నేళ్ళలో నేను అన్నం తిన్నానో లేదో ఒక్కరోజు అడిగావట్రా?" అని నిలదీస్తుంది. ఆ తరువాత చాలాసేపు మాట్లాడుతుంది. పెద్దమ్మ గొంతు కూడా ఆ చోట మారిపోయింది. అది రచయిత్రి రాసిందో పెద్దమ్మ చెప్పిందో నాకిప్పటికీ తెలియదు. ఇల్లు మారినప్పుడు ఆ కట్ట పోయింది, నవల పేరు కూడా గుర్తులేదు. నాయకుడి పేరు, నాయిక పేరు, వాళ్ళ ప్రేమ, అన్నీ మరిచిపోయాను. మేనత్త అడిగిన ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది.

ఇక 'చివరకు మిగిలేది' సంగతి. 1946-47లో 'నవోదయ' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. కాలేజీ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు దయానిధి తప్ప ఎవరూ కనబడలేదు నాకు. తల్లి మీద లోకం వేసిన నింద అతని వెంటే నడుస్తుంది. ఎక్కడికి వెళ్ళినా ఫలానా ఆమె కొడుకు అన్న చూపే ఎదురవుతుంది. ఆ ఒంటరితనం, ప్రతిదాన్నీ తరచి తరచి చూసుకునే ఆ మనసు, పద్దెనిమిదేళ్ళ వయసులో ఎవరిని పట్టుకోవు? పుస్తకంలో సగం వాక్యాల కింద పెన్సిల్ గీతలే. ఇది నా కోసమే రాశారని నమ్మాను.

ఈసారి ఆ గీతలున్న ప్రతినే చదివాను. వచనం ఇప్పటికీ గొప్పగా ఉంది. ప్రకృతిని చూస్తూ చూస్తూ మనసులోకి జారిపోయే ఆ పద్ధతి తెలుగులో ఇంకెవరికీ అంత సహజంగా రాలేదనే అంటాను. కానీ ఈసారి గీతలు లేని చోటే నా కళ్ళు ఆగాయి. ఆ తల్లి గురించి అందరూ మాట్లాడతారు, కొడుకు జీవితమంతా ఆమె గురించే తర్కించుకుంటాడు. ఆమె వైపు కథ ఏమిటి? ఆమె దేన్ని కోరుకుంది, దేనికి బాధపడింది? అతను కట్టుకున్న ఇందిర జబ్బుపడి చనిపోతుంది. ఆమె గురించి చదువుతుంటే, ఈ మనిషి పక్కన బతకడం ఎంత కష్టమై ఉంటుంది అనిపించింది. తనలోకి తాను చూసుకునే మగవాడి ఎదురుగా కూర్చుని, అతను ఎప్పుడు తలెత్తి చూస్తాడా అని కాచుకోవడం. అమృతం, కోమలి కూడా అంతే. ఒక్కొక్కరు వస్తారు, అతని ఆలోచనకు ఒక్కో కిటికీ తెరుస్తారు, వెళతారు. ఇది నవల లోపమని అనను. దయానిధి అలాంటివాడని బుచ్చిబాబుకి తెలుసు, తెలిసే రాశాడు. ఆ తెలివిడి వల్లే ఈ నవల ఇన్నేళ్ళు నిలిచింది. అయినా ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకం రాయగలిగితే బాగుండునన్న కోరిక మాత్రం పుస్తకం మూశాక కూడా పోలేదు.

బుచ్చిబాబు గారి భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారు స్వయంగా కథలు, నవలలు రాశారు, బొమ్మలు వేశారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత తీసింది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో వచ్చింది. రాసేనాటికి ఆవిడకి ముప్పై ఏళ్ళు నిండలేదు. 1961లో, ముప్పైరెండేళ్ళకే పోయారు. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల ఇది. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఇదే ఆధారం.

ఈ నవలలో కల్యాణి ఉంది, ఇందిర ఉంది. చదివినవాళ్ళు మొదట కల్యాణి వైపే మొగ్గుతారు. కష్టాలు పడే మంచిపిల్ల, ఆత్మాభిమానం ఉన్న పిల్ల. ఆమె కోసం కళ్ళు చెమరుస్తాయి. ఇందిర దగ్గరికి వచ్చేసరికి పాఠకులు కాస్త వెనక్కి తగ్గుతారు. ఇందిర ఉద్యోగం చేసి, బాధ్యత లేని తండ్రిని పోషిస్తుంది. నవ్వుతుంది, కావాలనుకున్నది చెయ్యి చాపి తీసుకుంటుంది, మాట తడుముకోదు. జాలి అడగదు. జాలి అడగని ఆడపిల్లని లోకం ఎలా చూస్తుందో, మనం కూడా అలాగే చూస్తూ చదువుతాం.

ఈసారి చదువుతుంటే ఇందిర వయసే నన్ను పట్టుకుంది. ఎంత చిన్నపిల్ల! పొద్దున లేస్తే ఆఫీసు, ఇంటికొస్తే తండ్రి. తండ్రి సంపాదించడు, సంపాదించే కూతురికి పెళ్ళి చెయ్యాలన్న తొందరా ఉండదు. ఆమె పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే ఇల్లు గడిచేదెలా? ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇందిరకి తెలుసు. తెలిసిన పిల్ల ఏం చేస్తుంది? తన దారి తను చూసుకుంటుంది. ఆ చూసుకోవడంలో ఇంకొకరికి దెబ్బ తగిలితే తగులుతుంది. ఆమె మంచిదా చెడ్డదా అని తేల్చే పని శ్రీదేవి పెట్టుకోలేదు. ఆ ధైర్యానికి నేను చెయ్యెత్తి నమస్కారం పెడతాను.

ఇందిర, కల్యాణి ఇద్దరి జీవితాల్లోకీ వచ్చే ప్రకాశం మంచివాడే, అదే చిక్కు. మెత్తని మాట, చదువు, ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకునే మనసు అన్నీ ఉన్నాయి. నిలబడాల్సిన చోట నిలబడడు. ఎవరు గట్టిగా లాగితే అటు పోతాడు. అతన్ని శ్రీదేవి ఎంత శాంతంగా చూపించిందో! ఎక్కడా గొంతు పెంచదు, తిట్టదు. అతను చేసింది, చెయ్యనిది వరసగా మన ముందు పెడుతుంది. మనకే కోపం వస్తుంది. చివరికి ఇందిర ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తిని చేసుకోవడానికి నిర్ణయించుకున్నప్పుడు అది ఓటమీ కాదు, గెలుపూ కాదు. కళ్ళు తెరుచుకుని తీసుకున్న నిర్ణయం. ఆ రోజుల్లో ఇలాంటి నాయికకి రచయితలు సాధారణంగా రెండే దారులు ఉంచేవారు, చావో పశ్చాత్తాపమో. శ్రీదేవి ఆ రెండూ పక్కకి నెట్టేసింది. ఇంకో ముప్పై ఏళ్ళు బతికుంటే ఈ మనిషి ఏమేం రాసేదో అని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రావిశాస్త్రి 'అల్పజీవి' చదివినన్నాళ్ళూ మాత్రం ఒకటే టెన్షన్. సుబ్బయ్య భయం చదివేవాళ్ళకి అంటుకుంటుంది. కాంట్రాక్టర్ గవరయ్య దగ్గర అప్పు చేసిన దగ్గరనుంచీ అతనితో పాటు మనమూ ప్రతి అడుగుల చప్పుడుకీ ఉలిక్కిపడతాం. భార్య సావిత్రి వైపు నుంచి ఆ ఇల్లు ఎలా కనబడుతుందో తెలుసుకోవాలని చాలా అనిపించింది. ఒక్కరోజు పూర్తిగా ఆమె తలలో ఉండి చూడాలని ఉంది.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' నా కొత్త అలవాటుకి అడ్డం పడిన నవల. ఇందులో పక్కన నిలబడడానికి మనుషులే లేరు. ఒక ముసలివాడు, ఒక పంది, ఒక రాత్రి, చుట్టూ అడవి. అంతే. చదువుతున్నంతసేపు లేచి మంచినీళ్ళు తాగాలని కూడా అనిపించలేదు. డాక్టరుగా పనిచేస్తూ కేశవరెడ్డి గారు ఇలాంటి నవలలు రాశారు. ఏ చప్పుడు దేనిదో, గాలి ఎటు తిరిగితే ఏ వాసన వస్తుందో ముసలివాడికి ఎంత తెలుసో అంతా మనకీ తెలుస్తుంది. ఈ ఒక్క పుస్తకం మాత్రం పగలు చదవకండి, రాత్రి అంతా పడుకున్నాక మొదలుపెట్టండి.

ఆత్మకథలంటే నాకు చిన్నతనంలో ఇష్టం ఉండేది కాదు. లైబ్రరీలో ఆ అర దగ్గరికి వెళ్ళేదాన్నే కాదు. పెద్దవాళ్ళ ఫొటోలు, సన్మానాలు, ఏ సంవత్సరం ఏ పదవి, ఎవరెవరు ఏమని మెచ్చుకున్నారు. ఇలాంటివి ఇప్పుడూ వస్తున్నాయి, ఇప్పుడూ నేను చదవలేను. రాసిన మనిషి ప్రతి పేజీలోనూ గెలుస్తూ ఉంటే చదివేవాళ్ళకి చోటెక్కడుంటుంది?

ఆ అర దగ్గరికి నన్ను లాక్కెళ్ళింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ'. వేదం, సంస్కృతం తప్ప మిగతాది చదువు కాదనుకునే ఇంట్లో పుట్టి, తెలుగు మీద మనసు పడ్డ కుర్రవాడి కథ. ఆ పుస్తకంలో మనుషులు మాట్లాడతారు. నిజంగా మాట్లాడతారు. ఒక మాటకి ఇంకో మాట, మధ్యలో ఒక విసురు, ఒక నవ్వు. ఆయన కథల్లో ఆడవాళ్ళు అంత చక్కగా మాట్లాడడం ఎలా వచ్చిందో ఇది చదివాక అర్థమైంది. పిల్లవాడుగా ఉన్నప్పుడు ఆయన విన్నాడు. చెవులు అప్పగించి విన్నాడు. ఎవరి మాటా చిన్నదని వదల్లేదు.

ఆ వరసలోనే మిగతా పెద్దవాళ్ళ పుస్తకాలూ తీశాను. ఈసారి ఫొటోలు దాటుకుని వెతుక్కున్నాను. టంగుటూరి ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర'లో నాకు గుర్తుండిపోయింది ఆయన తల్లి సుబ్బమ్మ గారు. భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి కథలో నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది ఆ ఇంటి వైపే. అంతమందికి రోజూ వండి వడ్డించిన ఆ తల్లి ఒక రోజు దినచర్య రాసి ఉంటే!

కందుకూరి వీరేశలింగం గారి 'స్వీయ చరిత్రము' భాష కాస్త ఓపిక పట్టి చదవాలి. పట్టిన ఓపికకి ఫలితం ఉంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారని బడిలో చదువుకున్నాం. ఊరు వెలివేస్తే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో బడిలో చెప్పలేదు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చారు, వండారు, ఆ ఆడపిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నారు. సంస్కరణ అన్న మాట వినగానే నాకిప్పుడు ఉపన్యాసం కాకుండా ఆ బిందెలే గుర్తొస్తున్నాయి. ఆవిడ రాసిన స్వీయచరిత్ర కూడా ఉంటే మన కథ ఇంకెంత నిండుగా ఉండేదో.

ముళ్ళపూడి వెంకటరమణ గారి 'కోతి కొమ్మచ్చి' స్వాతి వారపత్రికలో వస్తున్నప్పుడే వారం వారం చదివాను. ఈమధ్య పుస్తకంగా మళ్ళీ చదివాను. అందరూ అందులో నవ్వు గురించి చెబుతారు. నిజమే, పేజీకొకసారైనా నవ్వొస్తుంది. కానీ తండ్రి పోయాక పిల్లల్ని పెట్టుకుని మద్రాసు చేరిన తల్లి కష్టాలు చెప్పే చోట, ఆ నవ్వుని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారో చూడండి. వదిలేస్తే ఏడుపు వచ్చేస్తుందని ఆయనకి తెలుసు, మనకి తెలుసు. ఆకలి గురించి అంత తేలిగ్గా రాసిన పేజీలు చదివి నేను పుస్తకం కాసేపు పక్కన పెట్టాను. మా పెద్దమ్మ ఉంటే ఈ సీరియల్ పేజీలు తప్పకుండా కుట్టి ఉంచేది.

ఇప్పుడు 'నిర్జన వారధి'. 2012లో అచ్చయింది. అప్పటికి కోటేశ్వరమ్మ గారికి తొంభై దాటాయి. 1918లో పుట్టిన ఆవిడ నూరేళ్ళు బతికి 2018లో వెళ్ళిపోయారు. నక్సలైట్ ఉద్యమ నాయకుడు కొండపల్లి సీతారామయ్య గారి భార్యగానే చాలామందికి తెలుసు. ఆవిడ గురించి ఆ ఒక్క ముక్కే తెలిసి పుస్తకం తెరిచాను నేను కూడా.

ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఊహ తెలియకముందే వైధవ్యం. తనకి ఒక పెళ్ళి అయిందని, ఆ భర్త పోయాడని ఇంకొకరు చెబితే తెలుసుకున్న పిల్ల. తరువాత సీతారామయ్య గారితో రెండో పెళ్ళి, పార్టీ, పాటలు, వేదికలు, అజ్ఞాతవాసం. పేరు మార్చుకుని, ఇల్లు మార్చుకుని, ఎవరికీ ఏమీ చెప్పుకోలేని రోజులు. ఇంత కలిసి నడిచాక భర్త దూరమయ్యాడు. ఆ తరువాత ఆవిడ చేసిన పని నన్ను కట్టిపడేసింది. ఇద్దరు పిల్లల తల్లి, చదువు ఆగిపోయి ఎన్నో ఏళ్ళయిన మనిషి, మళ్ళీ బల్ల ముందు కూర్చుని చదువుకున్నారు. పరీక్ష పాసయ్యారు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా ఉద్యోగం చేశారు. తన జీతం మీద తను బతికారు. కన్నతల్లి అంజమ్మ గారు ఆవిడకి ఎప్పుడూ వెన్నుదన్నుగా ఉన్నారు.

ఉద్యమంలోకి వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. డాక్టరైన కూతురూ దక్కలేదు. ఈ రెండు మరణాల గురించి రాసిన చోట నేను ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగుతూ చదివాను. ఆవిడ గుండెలు బాదుకోరు. ఎవరినీ బోనులో నిలబెట్టరు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ మర్నాడు ఏం చేశారో చెబుతారు. ఆ మర్నాళ్ళే నన్ను ఏడిపించాయి. మర్నాడు కూడా హాస్టల్లో పిల్లలుంటారు, వాళ్ళకి అన్నం పెట్టించాలి, ఎవరికో జ్వరం వస్తుంది.

ముసలితనంలో, జబ్బుమీద ఉన్న సీతారామయ్య గారు ఆవిడని చూడాలనుకున్నప్పుడు ఆవిడ లోపల జరిగిన తర్జనభర్జన ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. వెళ్ళాలా, వద్దా? ఏ హోదాలో వెళ్ళాలి? భార్యగానా, ఒకప్పటి కామ్రేడ్‌గానా? చుట్టూ ఉన్నవాళ్ళకి ఒక తీరు జవాబు కావాలి. ఆవిడకి తన జవాబు కావాలి. క్షమించేశాను అని గొప్పగా చెప్పుకోలేదు, క్షమించను అని కూడా అనలేదు. నవలా రచయిత ఎవరైనా ఈ సన్నివేశం రాసి ఉంటే ఇద్దరి చేతా కన్నీళ్ళు పెట్టించి, పాత పాట ఒకటి వినిపించి ముగించేవాడు. నిజంగా బతికిన మనిషి కాబట్టి ముడి విప్పకుండానే మన ముందు పెట్టగలిగారు. ఇది చదివాక నాకు చాలా నవలల చివరి అధ్యాయాలు తేలిపోయాయి.

చరిత్ర పుస్తకంలో ఆవిడకి దక్కేది ఒక వాక్యం. భర్త జీవితచరిత్ర ఎవరైనా రాస్తే ఒక అధ్యాయంలో సగం. ఆవిడ కలం పట్టుకునేసరికి ఆయన ఆవిడ కథలో ఒక పాత్ర అయ్యారు. ఆవిడ ఆయన్ని చిన్న చెయ్యలేదు. ఉన్నంత చోటు ఇచ్చారు.

ఇంకొక ఆత్మకథ గురించీ చెప్పాలి. రేవతి గారి 'ఒక హిజ్రా ఆత్మకథ'. పి. సత్యవతి గారు తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మన నవలల్లో, సినిమాల్లో ఇలాంటి మనిషి కనబడేది రెండు నిమిషాలు, అదీ పక్కవాళ్ళు నవ్వడానికి. ఇక్కడ పుస్తకం పొడవునా ఆ మనిషితో నడుస్తాం. ఇల్లు వదలడం, మళ్ళీ ఇంటికి రావడం, మళ్ళీ వదలడం. అమ్మానాన్నల మీద ఆ ప్రేమ ఎంతకీ చావదు. చదువుతూ చదువుతూ, ఇంతకాలం నేను చదివిన ఎన్ని పుస్తకాల్లో ఎంతమందిని ఇలా రెండు నిమిషాల్లో దాటేసి ఉంటారో అని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' మాత్రం నా నవల, ఆత్మకథ అన్న వరసనే చెరిపేసింది. 2000లో వచ్చిన నవల. రూతు గుర్తు చేసుకుంటూ ఉంటుంది, ఆ గుర్తుల్లోంచి తరాలు లేచి వస్తాయి. తనవి కాని జ్ఞాపకాలు కూడా ఆమె జ్ఞాపకాలే. భర్త రూబేను చెప్పినవి, రూబేనుకి ఇంకెవరో చెప్పినవి. ఎక్కడా రాసి లేని చరిత్రని ఒక ఆడమనిషి తలలో పెట్టుకుని మోస్తుంది. ఎల్లన్న ఆట చూడ్డానికి పోయి ఆటలోనే కలిసిపోయిన మనిషి, పాట కట్టి ఊరూరా తిరిగిన మనిషి. అతని పాటలు నన్ను ఊపేశాయి. అయినా నేను పుస్తకం మూసి తలుచుకున్నది అతని భార్య సుభద్రని. ఎదురుచూసిన సుభద్రని. ఇక్కడ నాకు తృప్తిగా ఉన్నదేమిటంటే, కల్యాణరావు గారు ఆమెని గుమ్మం దగ్గర వదిలెయ్యలేదు. ఎల్లన్న పాట ఎంత పెద్దదో సుభద్ర ఎదురుచూపు అంత పెద్దదిగా రాశారు. వెన్నెల్లో ఆ ఇద్దరి పేజీలు ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో. దళిత జీవితం గురించి, మతం మారడం గురించి, ఉద్యమాల గురించి ఈ నవల మీద చాలా చర్చలు జరిగాయి, జరగాలి కూడా. వాటితో పాటు, ఒక కుటుంబం తన జ్ఞాపకాన్ని ఎలా దాచుకుంటుందో కూడా ఇందులో చూడమని చదవబోయేవాళ్ళకి చెబుతాను.

ఇంకా చెప్పవలసినవి ఉన్నాయి. విశ్వనాథ వారి 'వేయిపడగలు' మళ్ళీ మొదలుపెట్టాను, మూడో వంతు అయింది. ఆ నవల కోరుకునే సమాజంతో నేను ఏకీభవించలేను, చదవడం ఆపనూలేను. అంత పెద్ద నవలని 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెప్పారంటారు. ఆయన చెబుతుంటే రాసిపెట్టింది తమ్ముడు వెంకటేశ్వర్లు గారట. ఈసారి పేజీ తిప్పినప్పుడల్లా ఆ రాసిన చెయ్యి ఎంత నొప్పెట్టి ఉంటుందో అనుకుంటున్నాను. ఎక్కడైనా అన్నగారి వాక్యం వింటూ ఆయన ఒక్క క్షణం కలం ఆపి ఉంటారా?

దీని తరువాత శివరాజు సుబ్బలక్ష్మి గారి 'అదృష్టరేఖ', 'నీలంగేటు అయ్యగారు' చదవాలని ఉంది. బుచ్చిబాబు అచ్చులో ఎప్పుడూ దొరుకుతాడు, ఆవిడ పుస్తకాల కోసం మాత్రం తెలిసినవాళ్ళందరినీ అడగవలసి వస్తోంది. ఎవరి దగ్గరైనా పాత ప్రతులుంటే చెప్పండి. అట్ట ఊడిపోయినా, పేజీలు విడిపోయినా ఫరవాలేదు. చదువుకుని, కుట్టి, భద్రంగా తిరిగిస్తాను.